గాజుపోగు కావలి

పాతిపెట్టిన లంకెబిందెలను సర్పాలు కావలి కాస్తాయని మన జానపద కథలు చెబుతాయి. ఆధునిక మానవుడు భూగర్భంలో దాస్తున్నది ధనం కాదు. తన పరిశ్రమలు వెలువరించిన కార్బన్ డయాక్సైడ్. ధనం పోతే దాచినవానికే నష్టం. ఈ వాయువు వెలికివస్తే ఏమీ ఎరుగని ఇరుగుపొరుగువారికి ప్రమాదం. కనుక దీనికి మరింత మెలకువ గల కావలి కావాలి. ఆ కావలిని శాస్త్రజ్ఞులు వెంట్రుకవంటి గాజుపోగులో కనుగొన్నారు.

బొగ్గు, చమురు మండించినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో చేరి భూతాపాన్ని పెంచుతున్నది. కర్మాగారాల వద్దనే దానిని పట్టి, పీడనానికి గురిచేసి, బావుల ద్వారా లోతైన శిలలలోకి పంపడం ఒక నివారణోపాయం. సుమారు 800 మీటర్ల లోతు దాటిన పిదప అక్కడి పీడనానికి ఆ వాయువు ద్రవంవలె చిక్కబడి తక్కువ చోటులో ఇముడుతుంది. సూక్ష్మరంధ్రాలు గల ఇసుకరాయి దానిని తనలో ఇముడ్చుకోగా, పైనున్న గట్టి రాతిపొర మూతవలె కాపాడుతుంది. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్లైప్నర్ క్షేత్రంలో 1996లో ప్రారంభమైన నిల్వ ఈ విధానానికి మార్గదర్శకమైనది.

మూత ఎంత గట్టిదైనా దానికి మనిషి చిల్లులు పొడవక తప్పదు. వాయువును పంపే బావి ఒక చిల్లు. దానిని పరిశీలించే బావి మరొక చిల్లు. బావి చుట్టూ పోసిన సిమెంటులో పగుళ్లు, తుప్పు పట్టిన ఉక్కు గొట్టాలు, మరచిపోయిన పాత బావులు లీకుకు దారులు కాగలవు. అమెరికాలోని డెకటూర్ నిల్వక్షేత్రంలో ఒక పర్యవేక్షణ బావి గొట్టం తుప్పు పట్టగా, భూగర్భద్రవం అనుమతి లేని పొరలోకి చేరిందన్న విషయం 2024లో వెల్లడైంది. కాపలా కోసం తవ్విన బావియే బలహీనస్థానమైనది!

కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు. గాలికన్న సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది కావడంవల్ల పల్లపు ప్రాంతాలలో పేరుకొని ఊపిరి సలపనీయదు. 1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు అడుగున సహజంగా కరిగి ఉన్న ఈ వాయువు ఎగసి, 1,700 మందికి పైగా ప్రజలను బలిగొన్నది. అది ప్రకృతి విపత్తు. లోతైన రాతిపొరల కింది వాయువు అట్లా ఒక్కుమ్మడిగా ఎగసిపడే అవకాశం బహుస్వల్పం. అయినా కంటికి కనిపించని శత్రువు స్వభావాన్ని ఆ రాత్రి లోకానికి తెలిపింది.

మానవుడు దాచిన వాయువువల్ల ఊరే ఖాళీ అయిన ఉదంతం జర్మనీలో ఉన్నది. బెర్లిన్‌కు పశ్చిమాన కెట్సిన్ పట్టణ సమీపంలో, నాటి తూర్పు జర్మనీ ప్రభుత్వ హయాంలో, ఇళ్లలో మంటకు వాడే వాయువును భూగర్భంలో నిల్వచేశారు. 1960ల దశకంలో విషపూరితమైన కార్బన్ మోనాక్సైడ్ కలిసిన ఆ వాయువు లీకై క్నోబ్లౌఖ్ అనే గ్రామాన్ని చుట్టుముట్టింది. గ్రామస్థులు తరతరాల ఇళ్లను విడిచి వెళ్లవలసి వచ్చింది.

ఆ కెట్సిన్ ప్రాంతంలోనే 2008 జూన్‌లో శాస్త్రజ్ఞులు కార్బన్ డయాక్సైడ్ నిల్వపై ప్రయోగం ప్రారంభించారు. ఈసారి వాయువుకన్న ముందు కావలిని దింపారు. బావిలోని ఉక్కు గొట్టానికి వెలుపల, సిమెంటులో కలిసిపోయేటట్లు, ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లను శాశ్వతంగా అమర్చారు. 2013 ఆగస్టు వరకు సుమారు 67 వేల టన్నుల వాయువును లోపలికి పంపుతూ, బావి పొడవునా ఉష్ణోగ్రత ఎట్లా మారుతున్నదో గమనించారు.

గాజుపోగు ఉష్ణోగ్రతను ఎట్లా చెప్పగలదు? తంతువులోకి పంపిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనంవల్ల బయటికి పోక ముందుకు సాగుతుంది. దారిలో గాజు అణువులను తాకి అందులో అత్యల్పభాగం వెనుకకు మరలుతుంది. ఆ కాంతిలో కొంత తన తరంగదైర్ఘ్యాన్ని మార్చుకొంటుంది. ఇదే 1928లో సర్ సి.వి. రామన్ కనుగొన్న రామన్ ఫలితం. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న ఆ మహనీయునికి 1930లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టినది ఈ ఆవిష్కారమే. తరంగదైర్ఘ్యం తగ్గి వచ్చే కాంతి తీవ్రత ఉష్ణోగ్రతను బట్టి బాగా మారుతుంది; పెరిగి వచ్చే కాంతి అంతగా మారదు. రెండింటి నిష్పత్తిని లెక్కించి ఉష్ణోగ్రతను తెలుసుకొంటారు. కాంతి మరలి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి అది ఏ లోతునుండి వచ్చినదో తేలుతుంది. గాజులో కాంతివేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, ఒక మీటరు దూరపు తేడాకు 10 నానోసెకన్ల తేడా వస్తుంది.

పైకి ఎగబాకే వాయువు పీడనం తగ్గేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. ఆ చలువను తంతువు పసిగడుతుంది. గాజులోని సూక్ష్మమైన అసమానతలవల్ల కలిగే రేలీ పరిక్షేపణం సహాయంతో తంతువు శబ్దాన్ని కూడా వినగలదు. సన్నని పగులుగుండా వాయువు బుసకొడితే, ఆ కంపనానికి గాజు ఇసుమంత సాగి, మరలి వచ్చే కాంతిలో మార్పు కలుగుతుంది. సాధారణ పరికరం తానున్న చోటినే చూస్తుంది. తంతువు తన నిడివి అంతటా మేలుకొని ఉంటుంది. కెనడాలోని అక్విస్టోర్, ఆస్ట్రేలియాలోని ఆట్వే క్షేత్రాలలో ఇటువంటి తంతువులతోనే భూగర్భాన్ని ఆలకించారు.

అయితే ఈ కావలికీ పరిమితులున్నాయి. తాను లేని చోటి సంగతి అది సరిగా చెప్పలేదు. బావులలోని హైడ్రోజన్ గాజులోకి చొచ్చి కాంతిని మందగింపజేస్తుంది. శబ్దాన్ని వినే తంతువు రోజుకు టెరాబైట్ల కొద్దీ సమాచారాన్ని కుమ్మరిస్తే, అందులో లీకు ఏదో, దారిన పోయే లారీ చప్పుడేదో వేరుచేయాలి. అందుకే ఇతర సాధనాలూ తోడు కావాలి. అల్జీరియాలోని ఇన్ సలాహ్ క్షేత్రంలో నేల మిల్లీమీటర్ల లెక్కన ఉబ్బుతున్నదని ఉపగ్రహాలు తెలిపాయి. రాతిపొర పటిష్ఠతపై సందేహం కలుగగా 2011లో అక్కడ వాయువును పంపడం నిలిపివేశారు.

హెచ్చరిక విని పని ఆపిన ఆ నిర్ణయం గమనింపదగినది. తంతువు కాని, ఉపగ్రహం కాని సంగతిని చెప్పగలవే కాని బావిని మూయలేవు. ఆ పని మనుషులది. దాచిన వాయువు వందలయేండ్లు భూగర్భంలో నిలవాలి. దాచినవారి ఆయువు అంతకాలం ఉండదు. కాబట్టి బావితోపాటు దాని కావలి బాధ్యతను కూడా ఒక తరం మరొక తరానికి అప్పగించాలి. క్నోబ్లౌఖ్ గ్రామస్థులవలె మరెవ్వరూ ఇల్లు విడిచి వెళ్లకుండా చూడడమే ఈ విజ్ఞానానికి సార్థకత.