పెంపుడు కుక్కల్లో దూకుడు, బెదురు

పాఠం 11

11.1 పరిచయం

కుక్కపిల్లకు పెట్టవలసిన తిండి గురించి, వేయించవలసిన టీకాల గురించి కిందటి పాఠంలో చదువుకున్నారు. ఆ రెండూ సక్రమంగా జరిగిన ఇంట్లో కూడా తలెత్తే ఒక సమస్యను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే రేకు వేలాడుతూ ఉంటుంది. పాలు పోసే ఆయన, పేపరు వేసే అబ్బాయి, గ్యాస్ సిలిండరు తెచ్చే మనిషి ఆ గేటు దగ్గరికి రాగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. "ఏమీ చెయ్యదులెండి, రండి" అంటూ ఇంటివారు గొలుసు పట్టుకుంటారు. ఒకరోజు ఆ కుక్క ఎవరినో కరుస్తుంది. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే చర్చ: దీన్ని ఉంచుకోవాలా, ఎక్కడైనా వదిలేసి రావాలా? మెడకు పట్టీ ఉండి, ఏ ఇంటిదో తెలియక ఊరి చివర తిరుగుతున్న కుక్కను చూసినప్పుడు ఆ చర్చ ఎలా ముగిసి ఉంటుందో ఊహించవచ్చు.

కుక్క ఒక్కసారిగా కరవడం అరుదు. అంతకు ముందు అది తన భాషలో చాలాసార్లు చెప్పి ఉంటుంది. దాన్ని వినడం, విన్న తరువాత ఏం చేయాలో తెలుసుకోవడం ఈ పాఠంలోని విషయం.

11.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– కుక్క భయపడుతున్నదని తెలిపే గుర్తులను కనిపెట్టగలుగుతారు;
– కొట్టడం వల్ల దూకుడు ఎందుకు తగ్గదో వివరించగలుగుతారు;
– దూరాన్ని, తిండిని ఉపయోగించి కుక్క భయాన్ని క్రమంగా తగ్గించగలుగుతారు;
– పశువైద్యుని సహాయం ఎప్పుడు అవసరమో నిర్ణయించుకోగలుగుతారు.

11.3 గుర్రుమనడం ఒక మాట

కుక్క కోపంగా ఉందని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటిలో అది నిజానికి భయపడుతూ ఉంటుంది. భయపడిన జంతువు మొదట చేసే పని దూరంగా జరగడం. జరగడానికి వీలు లేనప్పుడు ఎదుటివారినే దూరంగా పంపాలని చూస్తుంది. గేటు దగ్గర గొలుసుతో కట్టేసిన కుక్క పరిస్థితి ఇదే. వెనక్కి పోవడానికి దానికి దారి లేదు.

ఇక పేపరు వేసే అబ్బాయి సంగతి చూడండి. అతను రోజూ వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను పేపరు విసిరి తన దారిన తాను పోతాడు. అతను ఎలాగూ పోయేవాడే. కానీ కుక్కకు మాత్రం తన అరుపు పనిచేసిందనిపిస్తుంది. సంవత్సరంలో మూడువందల అరవై రోజులు ఇదే పాఠం. ఇంత శ్రద్ధగా మనం దానికి ఇంకేదీ నేర్పి ఉండం.

గుర్రుమనడానికి ముందే కొన్ని చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తిండి ఎదురుగా లేకపోయినా పెదవులు నాక్కుంటుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, కాని కళ్లు మాత్రం మనిషి మీదే ఉండడంతో కంటి తెల్లగుడ్డు చంద్రవంకలా కనిపిస్తుంది. చెవులు వెనక్కి వాలిపోతాయి. తోక కాళ్ల మధ్యకు పోతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఒళ్లు బిగుసుకుపోయి కదలకుండా నిలబడడం. తోక ఊపుతున్న కుక్క కరవదని చాలామంది నమ్ముతారు. ఇది సరికాదు. ఒళ్లంతా వదులుగా ఉండి నడుముతో సహా ఊగుతుంటే అది సంతోషం. ఒళ్లు కర్రలా బిగిసి, పైకెత్తిన తోక చివర మాత్రమే వేగంగా కదులుతుంటే దగ్గరికి వెళ్లకండి.

ఈ గుర్తులను ఎవరూ పట్టించుకోనప్పుడు కుక్క గుర్రుమంటుంది. దానికీ ఫలితం లేకపోతే పళ్లు చూపిస్తుంది. ఆ తరువాతిదే కాటు.

పాఠంలోని ప్రశ్నలు 11.1
1. కట్టేసిన కుక్క ఎక్కువ దూకుడుగా ఉండడానికి కారణం ఏమిటి?
2. పసిపిల్లవాడు కావలించుకున్నప్పుడు మీ కుక్క ముఖం తిప్పుకొని ఆవులించింది. మీరు ఏం చేస్తారు?

11.4 కొడితే ఏం నేర్చుకుంటుంది?

"గుర్రుమంటే ఒకటి తగిలించండి, యజమాని ఎవరో తెలిసివస్తుంది" అనే సలహా మీరు వినే ఉంటారు. ఈ పాఠం రాస్తున్న నేను కూడా ఒకప్పుడు దాన్ని పాటించినదాన్నే. మా ఇంట్లో వీధిలోంచి తెచ్చి పెంచిన ఆడకుక్క ఒకటి ఉండేది. సిలిండరు తెచ్చే మనిషిని చూసి గుర్రుమన్నప్పుడల్లా పేపరు చుట్టి మూతి మీద కొట్టేదాన్ని. రెండు వారాల్లో గుర్రుమనడం మానేసింది. శిక్షణ ఫలించిందని సంతోషించాను. ఆ తరువాత ఒక రోజున, చిన్న శబ్దం కూడా చేయకుండా, అతని చేతిని కరిచింది.

జరిగింది ఇది. ఆ మనిషి వచ్చినప్పుడల్లా దానికి దెబ్బ పడింది. కాబట్టి అతని మీద భయం తగ్గకపోగా పెరిగింది. భయాన్ని చెప్పుకొనే మాటను మాత్రం నేను మాన్పించాను. గంట ఊడదీస్తే మంట ఆరదు గదా!

యజమాని పెత్తనం చూపించాలనే ఆలోచనకు మూలం తోడేళ్ల మీద జరిగిన పరిశీలనలు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బందీలుగా ఉన్న తోడేళ్లను గమనించి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాశాడు. తరువాతి కాలంలో డేవిడ్ మీచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అడవిలో స్వేచ్ఛగా బతికే తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాడు. అక్కడి గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు ఉండే కుటుంబమేనని 1999లో ప్రకటించాడు. పెత్తనం గురించిన పాత మాట తోడేళ్లకే సరిగా వర్తించనప్పుడు, వేల సంవత్సరాలుగా మనిషి పక్కన బతుకుతున్న కుక్కకు ఎలా వర్తిస్తుంది? జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో, దూకుడుగా ఉండే కుక్కలతో సహా అన్ని కుక్కలకూ బహుమానంతో కూడిన శిక్షణనే సూచించింది.

11.5 భయాన్ని తగ్గించే పద్ధతి

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల గురించి మనోవిజ్ఞాన పాఠాల్లో చదివి ఉంటారు. తిండికి ముందు ఒక శబ్దం పదేపదే వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుంది. దీనినే శాస్త్రీయ నిబంధనం అంటారు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనోవిజ్ఞానవేత్త ఈ సూత్రాన్ని ఒక పిల్లవాడి భయం పోగొట్టడానికి వాడింది. సుమారు మూడేళ్ల ఆ పిల్లవాడికి కుందేలంటే హడలు. అతనికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును అతడు ఏడవనంత దూరంలో ఉంచి, రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. చివరికి ఆ పిల్లవాడు కుందేలును నిమిరాడు.

మీరు మీ కుక్కతో చేయవలసింది కూడా ఇదే. సిలిండరు తెచ్చే మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. రోజూ అతన్ని పిలవలేం కాబట్టి, కుక్కకు పరిచయం లేని స్నేహితుడొకరిని సహాయం అడగండి.

ముందుగా తిండి సిద్ధం చేసుకోండి. ఉడకబెట్టిన కోడిమాంసం, గుడ్డు, పనీరు – ఏదైనా సరే, శనగగింజంత ముక్కలుగా కోయండి. రోజూ పెట్టే అన్నం దీనికి పనికిరాదు. అరుదుగా దొరికేదై ఉండాలి. ఉల్లిపాయ వేసి వండినవి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకండి. అవి కుక్కకు విషంతో సమానం.

తరువాత దూరం. స్నేహితుడిని వీధి చివర నిలబెట్టి, కుక్క అతన్ని చూసి కూడా వదులుగా నిలబడి తిండి తినగలిగే దూరాన్ని కనుక్కోండి. అది యాభై అడుగులు కావచ్చు, వంద అడుగులు కావచ్చు. తిండిని పట్టించుకోకుండా అతని వైపే కళ్లప్పగించి చూస్తుంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారన్నమాట. వెనక్కి వెళ్లండి.

ఇప్పుడు స్నేహితుడు మలుపు చాటు నుంచి కనబడతాడు. కుక్క అతన్ని చూస్తుంది. చూసిన తరువాత వెంటనే ఒక ముక్క, మరొక ముక్క, ఇంకొక ముక్క. అతను చాటుకు వెళ్లిపోగానే తిండి ఆగిపోవాలి. ఈ వరుస చాలా ముఖ్యం: మనిషి ముందు, తిండి వెనక. చాలామంది కుక్కను ఏమార్చడానికి ముందే తిండి చూపిస్తారు. అలా చేస్తే తిండి కనబడగానే "ఎవరో వస్తున్నారు" అని కుక్క కంగారుపడడం నేర్చుకుంటుంది. వరుస తలకిందులైతే పాఠమూ తలకిందులవుతుంది.

ఒక విడత ఐదు నిమిషాలకు మించకూడదు. కొన్ని రోజులు గడిచాక ఒక మార్పు కనబడుతుంది: కుక్క ఆ మనిషిని చూసి, తల తిప్పి, మీ చేతి వైపు చూస్తుంది. ఆ క్షణం కోసమే ఇంత శ్రమ. అప్పుడు రెండు మూడు అడుగులు దగ్గరికి జరగండి. మళ్లీ గుర్రుమంటే దాన్ని తిట్టకండి. తొందరపడింది మీరే, రెండింతలు వెనక్కి జరగండి. కొన్ని కుక్కలకు వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. కొన్ని కుక్కలు కొత్తవారిని ఎన్నటికీ ముద్దాడవు. పక్కన నిశ్శబ్దంగా పడుకోగలిగితే అదే గెలుపు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. గుర్రుమన్న కుక్కకు తిండి పెడితే గుర్రుమనడం అలవాటు కాదా? కూర్చోవడం, చెయ్యి ఇవ్వడం వంటి పనులు బహుమానం వల్ల బలపడతాయి, నిజమే. దీనిని పునర్బలనం అంటారు. కాని భయం కుక్క కావాలని చేసే పని కాదు, దానికి కలిగే అనుభూతి. తిండి పెట్టినంత మాత్రాన భయం బలపడదు. భయం తగ్గినప్పుడు గుర్రుమనవలసిన అవసరమే ఉండదు. అయినా, గుర్రుమనకముందే తిండి అందేంత దూరంలో ఉండడమే మన పద్ధతి కాబట్టి, సరిగా చేస్తే ఈ సందేహానికి చోటు లేదు.

శిక్షణ పూర్తయ్యేదాకా అతిథులు వచ్చినప్పుడు కుక్కను లోపలి గదిలో ఉంచండి. కరిచే అలవాటున్న కుక్కకు చిక్కం వేయడం నేర్పండి. ఎడ్ల మూతికి కట్టే చిక్కం మీరు చూసే ఉంటారు. కుక్కలకు బుట్టలాంటివి దొరుకుతాయి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుగా ఉండాలి. మొదటిరోజే తగిలించకుండా, దాని లోపల తిండి పెట్టి తనంతట తానే మూతి దూర్చేలా అలవాటు చేయండి.

11.6 దీపావళి రాత్రి

మనిషి చెవికి సుమారు ఇరవై వేల హెర్ట్జ్‌ల వరకు వినిపిస్తే, కుక్కకు నలభై అయిదు వేల దాకా వినిపిస్తుంది. బాణసంచా దానికి ఎలా ఉంటుందో ఆలోచించండి. పండుగకు నెలా రెండు నెలల ముందు నుంచే రికార్డు చేసిన టపాసుల చప్పుడు అతి తక్కువ స్థాయిలో వినిపిస్తూ, వెంటనే తిండి పెట్టండి. ఇక్కడ దూరానికి బదులు శబ్దాన్ని కొంచెం కొంచెంగా పెంచుతాం.

పండుగనాడు చీకటి పడకముందే బయట తిప్పుకొని రండి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, రేడియో పెట్టండి. మంచం కింద దూరితే బయటికి లాగకండి. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందనేది అపోహ. దగ్గరికి వస్తే నిమరండి. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు ఉండాలి, ఎందుకంటే ఆ రాత్రి బెదిరి పారిపోయే కుక్కలుంటాయి. మందు అవసరమనిపిస్తే పశువైద్యుని ముందుగానే కలవండి. మనుషుల నిద్రమాత్రలు వేయకూడదు.

ఒంటరిగా వదిలితే ఏడ్చే కుక్కకూ ఇదే సూత్రం. తలుపు వేసి పది సెకన్లలో తిరిగి రండి. తరువాత ముప్ఫై, తరువాత రెండు నిమిషాలు.

11.7 వైద్యుడు ఎప్పుడు? కరిస్తే ఏం చేయాలి?

నిన్నటిదాకా శాంతంగా ఉన్న కుక్క హఠాత్తుగా కసురుతుంటే ముందు శిక్షణ గురించి కాదు, నొప్పి గురించి ఆలోచించండి. చెవిలో చీము, పంటినొప్పి, కీళ్లవాపు కారణం కావచ్చు. హఠాత్తుగా మారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేక, తూలుతూ ఉన్న కుక్కను ముట్టుకోకండి. అది రేబిస్ కావచ్చు.

ఎవరిని కరిచినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. టీకా వేసిన కుక్కే గదా అని ఊరుకోకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్కను తరిమేయకుండా పది రోజులు కట్టడిలో ఉంచి గమనించాలి.

ఆ తరువాత, పరిచయంలో చెప్పిన చర్చ మీ ఇంట్లోనూ మొదలవుతుంది. జంతువును నిష్కారణంగా హింసించడం, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. చట్టం మాట అలా ఉంచి, కాటుకు ముందు వారం రోజుల్లో కుక్క ఏమేం చెప్పిందో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు చేసుకోండి. ఎవరో ఒకరు చూసే ఉంటారు, తరచుగా చిన్నపిల్లలు.

కృత్యం: ఒక వారం పాటు మీ కుక్కను గాని, పొరుగింటి కుక్కను గాని సురక్షితమైన దూరం నుంచి గమనించండి. ఎవరు వచ్చారు, ఎంత దూరంలో ఉన్నారు, కుక్క చెవులు, తోక, ఒళ్లు ఎలా ఉన్నాయి అనేవి రోజూ నోటుపుస్తకంలో రాయండి.

పాఠాంత ప్రశ్నలు
1. గుర్రుమనే కుక్కను కొట్టి ఊరుకోబెట్టడం వల్ల కలిగే ప్రమాదాన్ని ఉదాహరణతో వివరించండి.
2. 'మనిషి ముందు, తిండి వెనక' – ఈ వరుస ఎందుకు ముఖ్యం?
3. సైకిలును చూసి తరుముకుపోయే కుక్కకు ఈ పాఠంలోని పద్ధతిని ఎలా వర్తింపజేస్తారో రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు 11.1
1. వెనక్కి తగ్గడానికి దారి లేకపోవడం వల్ల, ఎదుటివారిని దూరంగా పంపడానికి ప్రయత్నిస్తుంది.
2. కుక్కను తిట్టకుండా, పిల్లవాడిని నెమ్మదిగా పక్కకు తీసుకొని, కుక్క వెళ్లిపోవడానికి దారి ఇస్తాను.