ఉండుండి ఆగే సిస్టమ్: ఫార్మాట్ కొట్టించే ముందు

హైదరాబాద్‌లో సైదాబాద్ నుంచి ఐఎస్ సదన్ దాకా, అటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా డెస్క్‌టాప్‌నే నమ్ముకున్న పనులు ఎన్నో. శుభలేఖలు దిద్దే డీటీపీ సెంటర్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే నెట్ సెంటర్లు, ప్రతి నెలా 20వ తేదీ లోపు జీఎస్టీఆర్-3బీ వేయాల్సిన అకౌంటెంట్లు. వీళ్లకు పూర్తిగా పాడైన సిస్టమ్‌తో కన్నా ఉండుండి హ్యాంగ్ అయ్యే సిస్టమ్‌తోనే అవస్థ ఎక్కువ. పాడైనది ఎలాగూ రిపేరుకు వెళ్తుంది. ఉండుండి ఆగేది మెకానిక్ ముందు పెడితే బుద్ధిగా పనిచేస్తుంది, తిరిగి తెచ్చుకున్నాక మళ్లీ మొరాయిస్తుంది.

అలాంటప్పుడు ఎక్కువగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం." దానికి వెంటనే తలూపకండి. తప్పు విండోస్‌లో ఉంటేనే ఫార్మాట్ పనిచేస్తుంది. డిస్క్ అరిగిపోతున్నా, ప్రాసెసర్ వేడెక్కుతున్నా నాలుగు రోజులు బాగుండి మళ్లీ అదే కథ. ఈలోగా అను ఫాంట్లు, టాలీ డేటా, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్లీ పేర్చుకోవాలి. ముందు కారణం పట్టుకోవాలి, ఆ తర్వాతే డబ్బు తీయాలి.

మొదట బ్యాకప్

ఏ పరీక్షకైనా ముందు పని ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. టాలీ డేటా ఫోల్డర్, ఫాంట్లు, కస్టమర్ల డిజైన్లు, డిజిటల్ సిగ్నేచర్‌కు సంబంధించిన ఫైళ్లు మరవకండి. చెడిపోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్ లాంటి రిపేరు నడిపితే ఆ ఒత్తిడికే అది పూర్తిగా పోవచ్చు. అందుకే బ్యాకప్ తర్వాతే మిగతావన్నీ.

ఆగినప్పుడు ఏం చూడాలి

సిస్టమ్ పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఆగిన ప్రతిసారీ టైమెంత, ఏ ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి, ఆన్ చేసి ఎంతసేపయింది అన్నవి రాయండి. ఆ క్షణంలో మౌస్ కదిలించండి, నమ్‌లాక్ నొక్కండి. బాణం గుర్తు కదులుతూ, నమ్‌లాక్ లైటు ఆరి వెలుగుతూ ఉంటే సిస్టమ్ ప్రాణంతోనే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది. చాలాసార్లు అది డిస్కే. లైటు కూడా మారకుండా అంతా బిగుసుకుపోతే ర్యామ్, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడాలి. ఆన్ చేసిన గంటకే మొదలైతే వేడిని అనుమానించండి.

కాస్త తేరుకోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, చదివే రాసే వేగం మాత్రం సున్నాకు దగ్గరగా ఉందా? దాని కిందే ఉండే యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీ సెకన్లలో ఉందా? అయితే డిస్క్ పని చేయలేక కొట్టుకుంటోంది. డిస్క్ మామూలుగా ఉండి మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతో క్రోమ్, ఫోటోషాప్, టాలీ మూడూ ఒకేసారి నడవాలంటే కష్టమే.

డిస్క్, కేబుల్

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్క్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది. హార్డ్‌డిస్క్ అయితే 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. చివరి గడిలో సున్నాలు కాకుండా ఏ అంకె ఉన్నా, ముఖ్యంగా అది పెరుగుతూ ఉంటే, ఆ డిస్క్‌ను నమ్మొద్దు. సీ7 ఒక్కటే పెరుగుతోందంటే తప్పు ఎక్కువగా సాటా కేబుల్‌ది. అది చవకలో పోయే రిపేరు. కేబుల్ మార్చినా సీ7లో ఉన్న అంకె తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 7, 129, 153 నంబర్లు సిస్టమ్ ఆగిన టైముకే కనిపిస్తే డిస్క్ మీద, దాని కనెక్షన్ మీద అనుమానం బలపడుతుంది. 41 నంబరు చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేయకండి. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు.

విండోస్ ఇంకా పాత హార్డ్‌డిస్క్ మీదే నడుస్తుంటే, దాన్ని ఎస్ఎస్‌డీకి మార్చడం కన్నా మేలైన ఖర్చు లేదు. ఎస్ఎస్‌డీని మాత్రం పూర్తిగా నింపకండి, కొంత ఖాళీ ఉంటేనే అది చురుగ్గా ఉంటుంది.

వేడి, దుమ్ము, కరెంటు

మేలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. షట్టరు రోడ్డు వైపు, క్యాబినెట్ బల్ల కింద నేల మీద, పక్కనే జిరాక్స్ మెషీన్. రోడ్డు దుమ్మంతా ప్రాసెసర్ ఫ్యాన్ కింద అట్టకడుతుంది. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, తెర మీద కనిపించే తడబాటు అదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో వేడి ఎంతుందో తెలుస్తుంది. కరెంటు తీసేసి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి, తిరగనిస్తే ఫ్యాన్ పాడవుతుంది. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పించండి. క్యాబినెట్‌ను నేల నుంచి జానెడు ఎత్తున పెట్టండి.

ర్యామ్ రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి కొన్నాళ్లు నడపండి, మెమ్‌టెస్ట్86 పరీక్షను రాత్రంతా నడవనివ్వండి. ఏసీ ఆన్ అయినప్పుడే సిస్టమ్ ఆగుతుంటే వేరే సాకెట్‌తో, వేరే యూపీఎస్‌తో చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంటే ఎర్తింగ్ లేదన్నమాట, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొన్నిసార్లు వస్తువు తప్పు కాదు

విండోస్ 11 వచ్చాక కొన్ని రైజెన్ సిస్టమ్‌లు ఉండుండి తడబడేవి. ప్రాసెసర్‌లోని ఎఫ్‌టీపీఎం అనే భద్రతా భాగం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు ఆగుతోందని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది. బయాస్ అప్‌డేట్‌తో అది సర్దుకుంది. అందుకే మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయాస్, డ్రైవర్లు ఉన్నాయేమో చూశాకే విడిభాగాల జోలికి వెళ్లండి. బయాస్ మార్చేటప్పుడు మాత్రం యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే మూలపడవచ్చు. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. భద్రత దృష్ట్యా మారడం మంచిదే, కానీ మీ సిస్టమ్ ఆగుతున్నది అందుకేనని ఎవరైనా చెబితే నమ్మకండి.

షాపుకు వెళ్తే

ఒకసారి ఒకే మార్పు చేయించండి. ర్యామ్, ఎస్ఎంపీఎస్, విండోస్ మూడూ ఒకేరోజు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, బిల్లు మాత్రం మూడింటికీ కట్టాలి. "స్లోగా ఉంది" అనకుండా, రాసిపెట్టుకున్న కాగితం చూపించండి. నిజాయతీగా పనిచేసే మెకానిక్‌కు దానివల్ల సగం శ్రమ తగ్గుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, వీధి చివర కొన్నా సీరియల్ నంబరు వేసిన బిల్లు అడగండి, వారంటీకి అదే ఆధారం.

మార్చిన పాత డిస్క్‌ను షాపులో వదిలి రాకండి. దరఖాస్తుల కోసం జనం ఇచ్చిన ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు అందులోనే ఉంటాయి. మన మీద నమ్మకంతో ఇచ్చిన కాగితాలవి. డిస్క్ వెనక్కి తీసుకుని, పనికిరానిదైతే దగ్గరుండి పగలగొట్టించండి.