వాన లెక్కల చిన్న కంప్యూటరు: నిల్వలో లోపములు, నివారణ

వర్షపాతమును, నేలలోని తేమను, గాలి వేడిమిని తనంత తానే వ్రాసికొను చిన్న కంప్యూటరును కొందరు రైతులు పొలము గట్టున పెట్టెలో అమర్చుకొనుచున్నారు. ఇందుకు వాడబడు వానిలో రాస్ప్‌బెర్రీ పై ఒకటి. ఇది బ్రిటన్‌లో రూపొంది 2012లో అమ్మకమునకు వచ్చినది. మన సెల్‌ఫోనులలో వలెనే దీనిలోను ఆర్మ్ జాతి చిప్పు కలదు. దీనిని నడుపు లినక్స్ సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సుది. అనగా దానిని ఎవరైనను ఉచితముగా తీసికొని, చదివి, మార్చుకొనవచ్చును. సాధారణముగా ఇందులో డిస్కు ఉండదు. నడుపు సాఫ్ట్‌వేరు, వ్రాసిన లెక్కలు రెండును గోరంత మైక్రో ఎస్‌డీ కార్డుమీదనే యుండును. విత్తనమును, తిండి గింజలను ఒకే గాదెలో పోసినట్లే.

యంత్రము నిలిచిపోగానే చాలమంది కార్డుమీద సాఫ్ట్‌వేరును మరల క్రొత్తగా ఎక్కించుచున్నారు. ఇది కూడని పని. యంత్రము నడచును గాని లెక్కలన్నియు తుడుచుకొనిపోవును. కురిసి వెళ్ళిన వానను మరల కొలువలేము గదా! యంత్రము ఇంకను పలుకుచున్నచో ముందుగా లెక్కల ఫైళ్ళను పెన్‌డ్రైవులోనికి తీసికొనవలెను. పలుకనిచో కరెంటు ఆపి, కార్డును ఊడదీసి, లినక్స్ ఉన్న మరియొక కంప్యూటరులో కార్డు మొత్తమునకు నకలు తీయవలెను. ఇందుకు ‘డీడీ’ అను ఆజ్ఞ కలదు. దీనిలో ‘ఐఎఫ్’ తరువాత వ్రాయునది మూలము, ‘ఓఎఫ్’ తరువాత వ్రాయునది నకలు చేరవలసిన చోటు. ఇవి తారుమారైనచో ఉన్నదియు పోవును. కార్డులో చెడిన తావులున్నచో ‘డీడీరెస్క్యూ’ మేలు. అది ముందు మంచి భాగములను తీసికొని, పిదప చెడిన వానిని మరల ప్రయత్నించును.

ఇక కారణము వెదకవలెను. అందరును కార్డునే నిందింతురు. నా అభిప్రాయములో మొదట చూడవలసినది కరెంటు. నాలుగవ నమూనా యంత్రమునకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చు అడాప్టరు కావలెను. పాత ఫోను ఛార్జరు, సన్నని పొడవాటి వైరు దీనికి చాలవు. వోల్టేజి సుమారు 4.63కు దిగినచో తెరపై మెరుపు గుర్తు కనబడును. తెర లేనివారు ‘వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్_త్రాటిల్డ్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరములలో కొట్టి చూడవచ్చును. జవాబు 0ఎక్స్0 అయినచో లోపము లేదు. 0ఎక్స్50000 వచ్చినచో యంత్రము మొదలైన తరువాత ఎప్పుడో వోల్టేజి పడిపోయినదని, 0ఎక్స్50005 వచ్చినచో ఇప్పుడును తక్కువగా నున్నదని తెలిసికొనవలెను. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైలు సగములో చెడును. కోతలు తరచుగా నుండు గ్రామములలో చిన్న బ్యాటరీ తప్పనిసరి. బయటి హార్డుడిస్కు తగిలించువారు మరియొక సంగతి గమనింపవలెను. ఈ నమూనాలో యూఎస్‌బీ రంధ్రములన్నియు కలిసి 1.2 ఆంపియర్లు మాత్రమే ఈయగలవు. కావున డిస్కునకు విడిగా కరెంటు ఈయవలెను.

తరువాత కార్డు నిండినదేమో చూడవలెను. ‘డీఎఫ్ -హెచ్’ అని కొట్టగా ఎన్ని పాళ్ళు నిండినదో తెలియును. 32 జీబీ కార్డు 29 చిల్లరగా కనబడుట మోసము కాదు, లెక్కించు పద్ధతిలోని తేడా. కొద్ది జీబీలే కనబడినచో ‘రాస్పీ-కాన్ఫిగ్’లో ఫైల్ సిస్టమును విస్తరింపవలెను. స్థలము మిగిలియుండియు వ్రాయుట లేదన్నచో ‘డీఎఫ్ -ఐ’ చూడవలెను. ఫైళ్ళ సంఖ్యకు కూడ ఒక పరిమితి కలదు. సెకనుకొక ఫైలు వ్రాయు ప్రోగ్రామైనచో రోజుకు 86,400 ఫైళ్ళగును. నెలకొక ఫైలు పెట్టుకొని, ప్రతి లెక్కను దాని చివర చేర్చుట ఉత్తమము.

‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అను మాట కనబడినచో కంగారుపడకూడదు. తప్పును గుర్తించిన సాఫ్ట్‌వేరు, నష్టము పెరుగకుండ వ్రాత నాపినదన్నమాట. ‘డీమెసేజ్’లో ఐ/ఓ ఎర్రర్లున్నవేమో చూడవలెను. మరమ్మతు చేయు ‘ఎఫ్ఎస్‌సీకే’ను కార్డు వాడుకలో నుండగా నడుపరాదు, వేరొక కంప్యూటరులో, నకలు తీసిన పిదపనే నడుపవలెను. కరెంటు సరిగా నుండియు కొద్ది రోజులలో ఇదే తప్పు మరల వచ్చినచో ఆ కార్డును నమ్మరాదు. కార్డులోని కణములను కొన్ని మారులు మాత్రమే చెరిపి వ్రాయవచ్చును. పిదప అవి అరిగిపోవును.

క్రొత్త కార్డు కొనునపుడు నిఘా కెమెరాలకై చేసిన ‘హై ఎండ్యూరెన్స్’ రకము ఎన్నుకొనవలెను. బజారులో పైన ఎక్కువ జీబీలు అచ్చు వేసి, లోన తక్కువ పెట్టిన నకిలీలు కలవు. పొలమునకు పంపకమునుపే ఖాళీ కార్డును ‘ఎఫ్3రైట్’, ‘ఎఫ్3రీడ్’ అను ఉచిత ప్రోగ్రాములతో పరీక్షింపవలెను. లెక్కలను పెన్‌డ్రైవులో వ్రాయించి, కార్డును చదువుటకు మాత్రమే ఉంచినచో కార్డు మన్నిక పెరుగును. ఈ ఏర్పాటు ‘రాస్పీ-కాన్ఫిగ్’లో ఓవర్లే అను పేర నున్నది. పెన్‌డ్రైవును అమర్చి, లెక్కలు అందులో పడుచున్నవని చూచుకొనిన తరువాతనే దీనిని పెట్టవలెను. లేనిచో యంత్రము ఆగినపుడెల్ల ఆనాటి లెక్కలు మాయమగును.