ఉమ్మడి సొత్తుకు కావలి బృందం

తెలుగు పల్లెలలో చెరువు ఊరందరి సొత్తు. అయినప్పటికీ తూము తెరవడానికి, మూయడానికి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడానికి నీరటిని ప్రత్యేకంగా నియమించుకోవడం పూర్వాచారం. అతని శ్రమకు ప్రతిఫలంగా రైతులు పంటలో కొంత ధాన్యం ముట్టజెప్పేవారు. చెరువు అందరిదీ కనుకనే దానికొక కావలి అవసరమని మన పెద్దలు గుర్తించారు. నేటి కంప్యూటర్ యుగంలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఇట్టి ఉమ్మడి సొత్తే. దానికి తగినంత కావలి లేకపోతే ఏమి జరుగుతుందో 2014వ సంవత్సరం ప్రపంచానికి తెలియజెప్పింది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమి?

కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాల మూలరూపాన్ని సోర్స్ కోడ్ అంటారు. దీనిని రహస్యంగా ఉంచక, ఎవరైనా చదవడానికి, వాడుకోవడానికి, సవరించడానికి, ఇతరులకు పంచడానికి అనుమతించే సాఫ్ట్‌వేరే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దేశం, భాష, జాతి అనే భేదాలు లేకుండా పెక్కుమంది దీని నిర్మాణంలో పాలుపంచుకుంటారు. వారిలో చాలామంది తమ తీరిక సమయాన్ని ఉచితంగా వెచ్చించేవారే.

1998లో ప్రారంభమైన ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఇట్టి ప్రయత్నాలలో ఒకటి. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్ల నడుమ సాగే సమాచారం మూడవవారి కంట పడకుండా గూఢలిపిలోకి మార్చే సాధనమిది. బ్యాంకులు, వ్యాపార సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దీనిపై ఆధారపడ్డాయి. అయితే 2014 నాటికి ఈ పనిలో పూర్తికాలం నిమగ్నమైన వ్యక్తి ఒక్కరే. ఏటా అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లు మాత్రమే.

దోషం ఎట్లా ప్రవేశించింది?

రెండు కంప్యూటర్ల మధ్య సంబంధం కొనసాగుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉన్నది. మొదటి కంప్యూటర్ ఒక మాటను పంపి, దాని పొడవెంతో తెలిపి, దానిని తిరిగి పంపమంటుంది. రెండవది అట్లే పంపుతుంది. 2012 మార్చిలో వెలువడిన ఓపెన్ ఎస్ఎస్ఎల్ కూర్పులో ఈ సౌకర్యం చేరింది. కాని చెప్పిన పొడవు నిజమా కాదా అని సరిచూసే ఆదేశం అందులో లోపించింది. కొద్ది అక్షరాల మాటను పంపి, దాని పొడవు వేలలో ఉన్నదని ఎవరైనా అబద్ధమాడితే, రెండవ కంప్యూటర్ ఆ మాటతో పాటు తన జ్ఞాపకంలో పక్కనే ఉన్న సమాచారాన్ని కూడా పంపేది. ఒక్కొక్క మారు 64 కిలోబైట్ల వరకు ఇట్లా బయటకు పోవచ్చు. అందులో సంకేతపదాలు, రహస్య తాళాలు కూడా ఉండవచ్చు.

చేర్చక ముందు ఈ కోడ్‌ను ఒక సభ్యుడు పరిశీలించినా లోపం ఆయన దృష్టికి రాలేదు. కోడ్ అందరి ఎదుట తెరిచే ఉన్నది. అయినా రెండేళ్లపాటు దీనిని ఎవరూ బయటపెట్టలేదు. ‘పదిమంది చేతిలో పాము చావదు’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చివరకు గూగుల్ సంస్థకు చెందిన ఒక పరిశోధకుడు, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనామికాన్ సంస్థ నిపుణులు వేర్వేరుగా దీనిని కనుగొన్నారు. 2014 ఏప్రిల్ 7న దోషం వెల్లడి అయింది. సవరించిన కూర్పు కూడా ఆనాడే విడుదలైంది. దీనికి హార్ట్‌బ్లీడ్ అని పేరు వచ్చింది. కెనడా పన్నుల శాఖ నుండి సుమారు 900 మంది పౌరుల సామాజిక బీమా సంఖ్యలు ఈ దోషం మూలంగానే అపహరణకు గురయ్యాయి.

బృంద నిర్మాణం

ఈ అనుభవం కనువిప్పు కలిగించింది. అదే నెలలో లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో పెద్ద కంపెనీలు కలసి ఒక నిధిని ఏర్పాటు చేశాయి. ఒక్కొక్క కంపెనీ ఏటా 1 లక్ష డాలర్ల చొప్పున 3 సంవత్సరాలు ఇవ్వడానికి అంగీకరించింది. ఈ నిధి నుండి ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో ఇద్దరు పూర్తికాలపు నిపుణులకు వేతనం లభించింది. సభ్యుల సంఖ్య పెరిగింది.

ధనంతో పాటు నియమాలు కూడా వచ్చాయి. ఒకరు వ్రాసిన మార్పును వేరొక సభ్యుడు పరీక్షించిన తరువాతనే చేర్చాలన్నది వాటిలో ముఖ్యమైనది. భద్రతా దోషాలను తీవ్రతను బట్టి వర్గీకరించి, ఏది ఎప్పుడు ఎట్లా వెల్లడించాలో తెలిపే విధానాన్ని 2014 సెప్టెంబరులో ప్రకటించారు. ఈ మార్పుల తరువాత కూడా దోషాలు బయటపడుతూనే ఉన్నాయి. అయితే వాటిని అందుకొని, పరీక్షించి, సవరించే బాధ్యత ఎవరిదన్న సందేహం తొలగింది.

మరొక హెచ్చరిక

బృందం ఉంటే చాలదు, అందులో చేరేవారెవరో కూడా ముఖ్యమే. ఎక్స్‌జెడ్ అనే మరొక సాధనాన్ని ఏళ్ల తరబడి ఒక్క వ్యక్తే అలసటతో నిర్వహిస్తూ వచ్చాడు. సహాయం చేస్తానంటూ వచ్చిన ఒక అజ్ఞాత వ్యక్తి క్రమంగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి అమర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లో కలిగిన స్వల్ప జాప్యానికి కారణం వెదుకుతూ 2024 మార్చిలో దీనిని కనుగొన్నాడు. ఒంటరిగా కావలి కాసేవాడు అలసినప్పుడే దొంగకు అదను దొరుకుతుంది.

మనకు వర్తించే పాఠం

ప్రభుత్వ కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనే విధానాన్ని భారత ప్రభుత్వం 2015లో ప్రకటించింది. కనుక ఈ ఉమ్మడి సొత్తు బాగోగులు మన దేశానికి కూడా సంబంధించినవే. ఉచితంగా లభించేదానిని వాడుకోవడం సులభం. దానిని కాపాడే చేతులకు ఆసరా ఇవ్వడం వాడుకునేవారి బాధ్యత. కోడ్ చదవడం, దోషాలను తెలియజేయడం, సూచనలను విశదంగా వ్రాయడం వంటి పనులు కళాశాల విద్యార్థులకు సైతం అందుబాటులో ఉన్నవే. చెరువు నీరు అనుభవించే ఊరు నీరటి గింజలను మరువరాదు.