తొట్టి కొరికే గుర్రానికి బెల్టు బిగించాలా?

ప్రశ్న: మా రెండేళ్ల ఆడగుర్రం తొట్టి అంచును పళ్లతో పట్టుకుని, గుర్రుమంటూ గాలి లోపలికి లాగుతోంది. రెండు పూటలా దాణా, రాత్రికి కాస్త గడ్డి పెడుతున్నాం. మెడకు బెల్టు బిగించమంటున్నారు. పక్క గుర్రాలూ నేర్చుకుంటాయా?

జవాబు: బెల్టు వద్దండి. తీసిన రోజున కొన్ని గుర్రాలు ఇంకా ఎక్కువ చేస్తాయి. బెల్టు కన్నా ముందు మేత సంగతి చూడాలి. గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. బయట వదిలితే రోజుకు 16 గంటల దాకా మేసే జంతువిది. మీ దాణా ఎంతసేపట్లో ఖాళీ అవుతోందో చూడండి.

తల్లి నుంచి ఎలా విడదీశారో అమ్మినవాళ్లను అడగండి. పిల్లను ఒక్కసారిగా విడదీసి, కొట్టంలో కట్టేసి, గింజల దాణాకు మళ్లిస్తే తరచూ ఈ అలవాటు అక్కడే మొదలవుతుంది. పెంపకందార్లు దీన్ని జాతి లోపమని తోసేస్తారు. థరోబ్రెడ్‌లలో ఎక్కువన్నది నిజమే, కానీ సగం సాకు.

చూసి నేర్చుకుంటాయన్నదానికి గట్టి రుజువు లేదు. కాబట్టి మీ గుర్రాన్ని వేరుచేయకండి. తోటి గుర్రాన్ని ముట్టుకునేలా ఉంచండి. ముందుగా పశువైద్యుడితో ఎండోస్కోపీ చేయించి అల్సర్లున్నాయేమో చూడండి. దాణా మెల్లగా తగ్గించి, ఎండుగడ్డి రోజంతా అందేలా పెట్టండి. రోజూ బయట తిరగనివ్వండి. ముదిరిన అలవాటు పూర్తిగా పోకపోవచ్చు. పళ్లు అరగకుండా తొట్టి అంచుకు మందపాటి రబ్బరు వేయించండి.