కోసిన గడ్డి

పాఠ్యభాగ పరిచయం

పచ్చికబయళ్లలో కోసిన గడ్డిని, పంట కోసిన తరువాత చేలో మిగిలిన గడ్డిని, మోళ్లను ఏమి చేయాలన్నది నేడు పల్లెకూ పట్టణానికీ ఉమ్మడి సమస్య. పల్నాడు జిల్లా క్రోసూరు ప్రాంతపు సేద్యాన్ని ఆధారంగా చేసుకొని ఆ సమస్యను విచారించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగులో గడ్డి అన్న మాటకు గౌరవం తక్కువ. లెక్కచేయకపోవడాన్ని తృణీకరించడం అంటాం. తృణమంటే గడ్డిపరకే. తగని పని చేసినవాణ్ణి గడ్డి కరిచాడంటాం. ఓడిన రాజు గడ్డిపరకను పంటకింద పెట్టుకొని శరణు వేడటం పూర్వపు ఆచారం. ఆ దైన్యం నుండే ఈ పలుకుబడికి హీనార్థం అబ్బిందని ఊహించవచ్చు. అయితే భాషలో ఇంత చులకన అయిన ఈ పదార్థమే రైతు ఇంటి పెరట్లో ఐశ్వర్యానికి గుర్తుగా నిలిచింది. పిల్లనిచ్చేవారు వరుని ఇంటికి వచ్చినప్పుడు ముందుగా చూసేది గడ్డివామినేనని పెద్దలు చెప్పుకొనేవారు. వామి పెద్దదైతే పశువులు ఎక్కువ. పశువులు ఎక్కువైతే పాడి, ఎరువు, దుక్కి అన్నీ ఉన్నట్లే.

క్రోసూరు ఒకప్పుడు గుంటూరు జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. నల్లరేగడి నేల, పత్తి, మిరప ఈ ప్రాంతపు గుర్తులు. శ్రీనాథుని పేర వాడుకలో ఉన్న చాటువులు పలనాటిని జొన్నకూటి సీమగా ఎత్తిపొడిచాయి. ఆ కవి కంచంలోని జొన్నకూడును చూశాడు గాని, జొన్న వెన్ను కోసిన తరువాత మిగిలే చొప్పను పట్టించుకున్నట్లు లేదు. పశువులకు సంవత్సరం పొడుగునా మేత ఆ చొప్పే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత పలనాట కాలువ అందినచోట వరి వచ్చింది. దానితోపాటు వరిగడ్డి వచ్చింది. గట్ల మీద పెరిగిన పచ్చగడ్డిని కూలికి వచ్చిన స్త్రీలు సాయంకాలం కొడవలితో కోసి, మోపు కట్టి, తలమీద పెట్టుకొని ఇంటికి చేర్చేవారు. కోసిన గడ్డిని ఏమి చేయాలన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. గడ్డి చాలకపోవడమే వారి బాధ.

ప్రశ్న రెండు వైపుల నుండి వచ్చింది. ఒకటి లాన్, రెండవది ట్రాక్టరు.

మేపడానికి గాక కేవలం కంటికింపుగా ఉండటానికి గడ్డి పెంచి, అది పెరిగినప్పుడల్లా కోసివేయడం ఇంగ్లండు శ్రీమంతుల వేడుక. అక్కడ కూడా మొదట గొర్రెలను మేపేవారు; లేదా పొడవైన పిడి గల కొడవళ్లతో పనివారు కోసేవారు. 1830లో గ్లౌస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. నేత మిల్లులో ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రం అతనికి ఆ ఆలోచన కలిగించింది. గొర్రె కోసిన గడ్డి గొర్రె కడుపులోకి పోయేది. యంత్రం కోసిన గడ్డి కుప్పగా మిగిలింది. వలస పాలనతో ఈ వేడుక మనదేశానికి వచ్చింది. తాజమహలు ముందరి తోట కూడా కర్జన్ కాలంలో పచ్చికబయలుగా మారింది. నేడు విశ్వవిద్యాలయాలకు, కర్మాగారాలకు, క్రికెట్ మైదానాలకు ఎకరాల కొద్దీ లాన్ ఉంది. వానాకాలంలో దానిని వారం వారం కోయవలసి వస్తుంది. కోసినదంతా ప్రహరీగోడ మూలకు చేరి, నాలుగు రోజులలో జిగురుగా మారి, దుర్గంధం కొడుతుంది.

ఆ దుర్గంధానికి కారణం గడ్డి చెడ్డది కావడం కాదు, గాలి ఆడకపోవడం. పచ్చి గడ్డిలో సుమారు నూటికి ఎనభై పాళ్లు నీరే. సన్నగా తరిగిన తడి పరకలు ఒకదానికొకటి అంటుకొని, లోపలికి గాలి పోనివ్వవు. గాలి లేనిచోట బ్రతికే సూక్ష్మజీవులు దానిని మురగబెడతాయి. గాలి ఆడితే అదే గడ్డి కంపు లేకుండా కుళ్లి ఎరువవుతుంది. ఎండబెట్టిన లాన్ గడ్డిలో నూటికి నాలుగు పాళ్ల వరకు నత్రజని ఉంటుంది. అంటే నూరు కిలోల పచ్చి గడ్డిలో ఇరవై కిలోల ఎండు పదార్థం, అందులో 800 గ్రాముల నత్రజని ఉన్నట్లు లెక్క. అంత నత్రజనిని యూరియా రూపంలో కొనాలంటే ఒకటిన్నర కిలోకు పైగా కొనాలి. గడ్డి కుప్పను లారీ మీద ఊరి బయటికి పంపి, మరునాడు అదే లాన్‌కు యూరియా చల్లించే యాజమాన్యం తన సొమ్మును తానే పారబోసి తిరిగి కొనుక్కుంటున్నదన్నమాట.

కాబట్టి పచ్చికబయళ్ల నిపుణులు చెప్పే మొదటి ఉపాయం మిక్కిలి సులభమైనది: కోసిన గడ్డిని ఎత్తకుండా అక్కడే వదలివేయడం. అయితే దానికి ఒక నియమం ఉంది. ఒక్కసారి కోతలో పరక ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. అప్పుడు రాలిన ముక్కలు చిన్నవిగా ఉండి, నిలిచిన గడ్డి సందుల్లోకి జారి, కొద్ది రోజులలో నేలలో కలిసిపోతాయి. ఇలా వదిలితే లాన్ అడుగున పీచు పేరుకొంటుందని తోటమాలులు కొందరు భయపడతారు. ఆ పీచు వేళ్ల నుండి, కాండాల నుండి ఏర్పడేదే గాని, లేత పరకల వలన ఏర్పడేది కాదు. కోత ఆలస్యమై, మోకాలెత్తు పెరిగిన గడ్డిని తడిగా ఉండగా కోస్తే మాత్రం అది ముద్దలు ముద్దలుగా పడి, కింది పచ్చికను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. అప్పుడు ఎత్తక తప్పదు.

ఎత్తిన గడ్డిని పశువులకు వేయవచ్చునా? గట్టు మీద కొడవలితో కోసి, వెంటనే వేసిన పచ్చగడ్డి వేరు, లాన్ మీద యంత్రం తరిగిన గడ్డి వేరు. కలుపు మందో పురుగు మందో చల్లిన పచ్చికను పశువు నోటికి అందించరాదు. కుప్పలో వేడెక్కి, బూజు పట్టిన గడ్డి కూడా ప్రమాదకరమే. మందు చల్లని మైదానమైతే, కోతకు పాడిరైతును పిలిచి పచ్చగడ్డిని తీసుకుపొమ్మనడంలో ఇద్దరికీ లాభమే.

ఇక్కడ ఒక చమత్కారం చెప్పుకోవాలి. మన లాన్లలో విస్తారంగా పెంచేది మరేదో విదేశీ తృణం కాదు, వినాయకుని పూజలో సమర్పించే గరికే. మైదానంలో నీరు పోసి పెంచే ఈ గరికను పత్తి చేలో చూస్తే క్రోసూరు రైతు గుండె గుభేలుమంటుంది. కణుపు కణుపునా వేరు వేసి పాకే ఆ మొండి కలుపును పెకలించడానికి అతడు ఎన్ని కూలిదినాలు వెచ్చిస్తాడో! అందువలన కణుపులతో కూడిన గరికను పచ్చిగా తెచ్చి చేలో పరచడం తగదు. దానిని ముందు ఎరువుకుప్పలో వేడికి మగ్గనివ్వాలి.

ఆ వేడి రహస్యాన్ని మనదేశంలో క్రమబద్ధంగా పరిశీలించినవాడు ఆల్బర్ట్ హోవార్డ్. 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లోని పరిశోధన సంస్థలో పనిచేసి, ఆయన రూపొందించిన కంపోస్టు విధానం ఇండోర్ పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆ వివరాలను గ్రంథస్థం చేశాడు. వ్యవసాయం నేర్పడానికి వచ్చి, ఇక్కడి రైతులను చూసి తానే నేర్చుకున్నవాడాయన. కంపోస్టుకు ప్రాణం పాళ్ల పొందిక. ఒక పాలు నత్రజనికి ఇరవై అయిదు, ముప్పై పాళ్ల కర్బనం ఉంటే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. లాన్ గడ్డిలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. ఒంటరిగా వేస్తే కంపు కొడుతుంది. వరిగడ్డిలో కర్బనం మిక్కిలి ఎక్కువ. ఒంటరిగా వేస్తే నెలల తరబడి కదలక పడి ఉంటుంది. రెండింటినీ పొరలు పొరలుగా వేసి, నడుమ పేడనీళ్లు చల్లి, పిడికిట పిండితే చుక్క రాలీ రాలనంత తడి నిలిపితే మూడు నాలుగు రోజులలో కుప్ప లోపల చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడికి కలుపు గింజలు, గరిక కణుపులు చాలావరకు చస్తాయి. అంచున ఉన్నది లోపలికి, లోపల ఉన్నది అంచుకు వచ్చేటట్లు కుప్పను తిరగవేయాలి. తిరగవేసే ఓపిక లేనివారికి మహారాష్ట్రకు చెందిన నారాయణ దేవ్‌రావ్ పాంఢరీపాండే కనిపెట్టిన నాడెప్ తొట్టి ఉంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల ఇటుక తొట్టికి గోడలలో రంధ్రాలు విడిచిపెడతారు. తిరగవేత పనిని గాలే చేస్తుంది. సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

ఇక ట్రాక్టరు మాట. దుక్కిటెద్దులు తగ్గిన ఇంట వామి కూడా తగ్గింది. వరికోత యంత్రం గింజను తీసుకొని గడ్డిని చేలో చిందరవందరగా వదలిపోతుంది. దానిని పోగుచేయించాలంటే కూలి కావాలి. కట్టలు కట్టే యంత్రానికి బాడుగ కావాలి. పాడి ఉన్న ఊళ్లలో వరిగడ్డికి ధర పలుకుతుంది గనుక పంజాబు, హర్యానాలలోని దుస్థితి ఇక్కడ అంతగా లేదు. అక్కడ వరి కోసి గోధుమ విత్తడానికి మధ్య వ్యవధి బహుస్వల్పం. అగ్గిపుల్ల అన్నిటికన్న చవక. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆ దహనాన్ని నిషేధించినా మంటలు పూర్తిగా ఆగలేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, అయిదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా గాలిపాలవుతాయి. బూడిదలో మిగిలే పొటాషే రైతు కళ్లకు కనబడుతుంది; అందుకే కాల్చిన మడి బలపడిందన్న భ్రమ.

క్రోసూరు వైపు ఎక్కువగా కాలేది వరిగడ్డి కన్న పత్తికట్టె, మిరపకట్టె. వేసవిలో సాయంవేళ చేల నడుమ లేచే పొగలు వాటివే. రైతును తప్పుపట్టే ముందు అతని కారణం వినాలి. పత్తికట్టెలో, ఎండిన కాయలలో గులాబీరంగు పురుగు దాగి, మరుసటి పంటకు పాకుతుంది. 2002లో మనదేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి మొదట్లో ఈ పురుగును అడ్డుకున్నా, తరువాతి కాలంలో పురుగు దానికి లొంగకుండా పోయింది. కట్టెను గట్టున వామి వేసి ఉంచవద్దని వ్యవసాయాధికారులే చెబుతారు. వామి వేయరాదు, కాల్చరాదు, మరేమి చేయాలి? కట్టెను ముక్కలు చేసే యంత్రంతో చేలోనే నలిపి, వేసవి దుక్కిలో కలపడం దీనికి సమాధానం. ఆ యంత్రం అద్దెకు సకాలంలో దొరికితేనే ఆ సమాధానం చెల్లుతుంది. దొరకనప్పుడు అగ్గిపుల్లే దిక్కు అవుతున్నది.

జపాను రైతు మసనోబు ఫుకుఓకా 1975లో వెలువరించిన పుస్తకంలో, పండిన చేలోని గడ్డినంతా ఆ చేనికే తిరిగి ఇచ్చివేయమన్నాడు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం దానినే ఆచ్ఛాదన అన్న పేరుతో రైతుల ముందుంచింది. నేలకు కప్పిన గడ్డి ఎండను ఆపి, తేమను నిలుపుతుంది. వేసవిలో నెర్రెలు విచ్చే నల్లరేగడికి ఇంతకు మించిన ఉపకారం లేదు. కాని పరచిన ఎండుగడ్డికి చెదలు పడితే పైరు మొదళ్లకూ సోకవచ్చు, కనిపెట్టి ఉండాలి. అన్నిటికన్న పెద్ద చిక్కు మరొకటి. గడ్డి నేలకు ఇస్తే గేదెకు ఏమి పెట్టాలి? ఫుకుఓకా సలహా పాడి లేని చేనికి బాగుంటుంది. రెండు గేదెల పాలతో ఇల్లు గడుపుకొనే చిన్నరైతు వరిగడ్డిని గేదెకే పెడతాడు, పెట్టడమే న్యాయం. ఆ గడ్డి పేడగా మారి దిబ్బకు చేరి, తొలకరికి ముందు బండి మీద చేనికి తిరిగి వస్తుంది. గేదె తినని పత్తికట్టె, మిరపకట్టె, ఎండుటాకు, గట్టుమీది ముదురుగడ్డి మాత్రం తిన్నగా నేలకు పోవచ్చు.

అర్థాలు

చొప్ప : జొన్న మొదలైన పైరుల ఎండిన కాండం
వామి : క్రమంగా పేర్చిన గడ్డికుప్ప
చాటువు : సందర్భానుసారంగా ఆశువుగా చెప్పిన పద్యం
ఆచ్ఛాదన : కప్పడం

ప్రశ్నలు

1. కోసిన లాన్ గడ్డి దుర్గంధం కొట్టడానికి కారణమేమి? దానిని ఎట్లు నివారింపవచ్చు?
2. పత్తికట్టె విషయంలో క్రోసూరు రైతు ఎదుర్కొనే సంకటాన్ని వివరించండి.
3. గడ్డి నేలకా, గేదెకా? మీ ఊరి పరిస్థితిని బట్టి మీ అభిప్రాయం రాయండి.