తెర వెనుక గొంతు

పిల్లలూ! ముందు ఈ జంట పదాలను పైకి చదవండి: మెడ – మేడ, నెల – నేల, కొన – కోన, కల – కళ. తేడా వినిపించిందా? హిందీలో ఎ, ఏ లకు విడివిడి అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ లేవు. అందుకే హిందీ మాట్లాడే ఊళ్ళలో పెరిగిన మీలో కొందరికి మెడ కాస్తా మేడ అవుతుంది. అది మీ తప్పు కాదు. రెండు మూడేళ్ళకొక ఊరు మారే మనకు తెలుగు పుస్తకంలోంచి కంటే ముందు చెవిలోంచి వస్తుంది. ఫోనులో అమ్మమ్మ గొంతు, టీవీలో సినిమా గొంతు మనకు తొలి గురువులు. గొంతునే వృత్తిగా చేసుకున్నవారి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

మేము చేసిన పొరపాటు

మేము పంజాబులోని ఒక విద్యాలయంలో పనిచేస్తున్న రోజులవి. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమంలో పంజాబుకు జత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం గురించి పిల్లలతో కలిసి ఆరు నిమిషాల చిత్రం తయారుచేశాం. బొమ్మలు బాగా కుదిరాయి. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఖర్చు ఎందుకని, కంప్యూటరులో ఉచితంగా దొరికే యంత్రపు గొంతుతో చదివించాం.

ఆత్రేయపురం పూతరేకుల గురించి ఆ గొంతు హుషారుగా చెప్పింది. వెంటనే 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన గురించి చెప్పింది. అదే హుషారు, అదే వేగం. వేలమంది చనిపోయారన్న మాట కూడా పూతరేకుల మాటలాగే జారిపోయింది.

కార్యక్రమం అయ్యాక, సైన్యంలో పనిచేసే ఒక తండ్రి మా దగ్గరికి వచ్చారు. “మాది అవనిగడ్డ దగ్గర మాస్టారూ. మా నాన్నమ్మ ఆ ఉప్పెనలోనే పోయింది. మీ చిత్రంలో తప్పేమీ లేదు. కానీ చెప్పే గొంతుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు” అన్నారు. మాకు తల ఎత్తి ఆయన ముఖం చూడటానికి చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడాది అదే చిత్రాన్ని మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఈసారి ఉపాధ్యాయులం తలా కొంత వేసుకుని, హైదరాబాదులో ఉండే ఒక వృత్తి కళాకారిణికి ఆ పని అప్పగించాం. ఆమె వెంటనే చదవలేదు. ముందు, “దీన్ని ఎవరు వింటారు?” అని అడిగారు. “చిన్నపిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు” అన్నాం. పొడవైన వాక్యాలను రెండుగా విరవమన్నారు. నాగాయలంక, ఫిరోజ్‌పూర్ వంటి ఊరి పేర్లను అక్కడివాళ్ళు ఎలా పలుకుతారో కనుక్కున్నారు. ఎక్కడ ఆగాలో కాగితం మీద గీతలు గీసుకున్నారు.

ఉప్పెన భాగాన్ని రెండు రకాలుగా చదివి పంపారు. ఒకదానిలో గొంతు వణికింది. రెండోదానిలో వణుకు లేదు. తేదీ చెప్పి, ఒక్క క్షణం ఆగి, మిగిలింది నెమ్మదిగా చెప్పారు. “రెండోది తీసుకోండి. ఏడుపు వినేవాళ్ళకు రావాలి గానీ నాకు కాదు” అన్నారు. ఆ రోజు సభలో ఆ ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ తండ్రికి అప్పటికే బదిలీ అయిపోయింది. చిత్రాన్ని ఆయనకు ఫోనులో పంపాం. “ఇప్పుడు మా అమ్మకు చూపిస్తాను” అని జవాబు వచ్చింది.

డబ్బింగులో మన వర్ణమాల

చిత్రం పక్కనే ఉండి కథ చెప్పడాన్ని వ్యాఖ్యానం అంటాం. తెర మీది నటుల పెదవులకు మాట కలపడం డబ్బింగ్. ఇందులో మీరు వ్యాకరణంలో చదివిన ఓష్ఠ్యాలకు పెద్ద పని ఉంది. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదవులు మూతపడాలి. అద్దం ముందు నిలబడి ‘మామ’ అనండి, తర్వాత ‘కాకి’ అనండి. తేడా కనిపిస్తుంది. తెర మీద పెదవులు మూసుకున్నచోట ‘కాకి’ వినిపిస్తే చూసేవాళ్ళకు అతకదు. అందుకే వేరే భాషలోంచి మాటలు రాసేవారు అర్థంతోపాటు పెదవులనూ చూస్తారు. కళాకారులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరను చూస్తూ, ఆ పెదవుల వేగానికి తమ ఊపిరిని సరిపెట్టుకుంటారు. పరుగెత్తే పాత్రకు ఆయాసం కావాలి. కానీ గదిలో పరుగెత్తితే ఆ చప్పుడూ రికార్డవుతుంది. కాబట్టి నిలబడిన చోటే ఆయాసం తెప్పించుకోవాలి.

మనకు తెలిసిన గొంతులు

సుమన్, రాజశేఖర్ ఇద్దరికీ ఎన్నో చిత్రాల్లో వినిపించిన గొంతు సాయికుమార్‌ది. గొంతు ఒకటే అయినా, ఆ ఇద్దరూ మనకు ఒకేలా అనిపించలేదు. అదే సుమన్ 1997లో ‘అన్నమయ్య’ చిత్రంలో వేంకటేశ్వరస్వామిగా కనిపించినప్పుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇచ్చారు. గొంతును ఎంచేది ముఖాన్ని బట్టి కాదు, పాత్రను బట్టి అని దీనివల్ల తెలుస్తుంది. 1982 నాటి ‘గాంధీ’ చిత్రం తెలుగులోకి వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి తెలుగు పలికించిందీ బాలుగారే. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి, పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు.

మనలాగే సొంత ఊరికి దూరంగా ఉండి తెలుగును వినిపించినవారూ ఉన్నారు. నటుడు కొంగర జగ్గయ్య సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. అంత దూరం నుంచి ఆయన చదివితే ఇక్కడ ఊళ్ళలో తెలుగువాళ్ళు విన్నారు.

డబ్బు ఎందుకు ఇవ్వాలి?

మేము చందాలు వేసుకుంటున్నప్పుడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు: “గొంతు అందరికీ ఉంది కదా మాస్టారూ, డబ్బులెందుకు?” మంచి ప్రశ్నే. సూది దారం అందరి ఇళ్ళలోనూ ఉంటాయి. అయినా పెళ్ళి బట్టలు దర్జీకే ఇస్తాం. మనం డబ్బు ఇచ్చేది గొంతుకు కాదు. ఎక్కడ ఆగాలో తెలియడానికి, ఊరి పేరు తప్పు పలకకూడదన్న పట్టుదలకు, పదిసార్లు చదివి పదకొండోసారి కూడా విసుగు లేకుండా చదవడానికి.

రైలు సమయాలు చెప్పడానికి యంత్రపు గొంతు చాలు. ఒకరి ఇంటి దుఃఖాన్ని చెప్పాలంటే, ముందు దాన్ని అర్థం చేసుకున్న మనిషి కావాలి. ఆ మనిషి పనికి ప్రతిఫలం ఇవ్వాలి, చిత్రం చివర పేరూ వేయాలి. మేము మొదటిసారి ఆదా చేసింది కొంత డబ్బు. దానికి మూల్యం మాత్రం ఆ తండ్రి చెల్లించారు.

అభ్యాసం

1. “నేను రేపు బడికి వస్తాను.” ఈ వాక్యాన్ని మూడుసార్లు చదవండి. మొదట ‘నేను’, తర్వాత ‘రేపు’, చివర ‘బడికి’ అన్న మాటను ఒత్తి పలకండి. ప్రతిసారీ అర్థం ఎలా మారిందో రాయండి.

2. “రామయ్య కొడుకు వచ్చాడు”, “రామయ్యా, కొడుకు వచ్చాడు”. రెండు వాక్యాల్లో వచ్చింది ఎవరు? వింటున్నది ఎవరు?

3. మీ పేరులో, మీ ఇంట్లోవాళ్ళ పేర్లలో ఓష్ఠ్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి.

4. మీ తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ళ ఊరిలో జరిగిన ఒక సంగతి చెప్పించుకోండి. దాన్ని ఐదు వాక్యాల్లో రాసి, ఆగాల్సినచోట గీతలు గీసి, చదివి రికార్డు చేయండి. తిరిగి వాళ్ళకే వినిపించండి. బాగుందో లేదో వాళ్ళే చెబుతారు.